‘బొమ్మే కదా’ అంటే సరిపోదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు, శుభలేఖలు, మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు తప్ప వేరే సంగతుల మీద మాట నడవడం తక్కువ. ఆ మధ్య మా అక్క కూతురు అందులో ఒక పాత కొరియా వీడియో ముక్క పెట్టింది. మీలోనూ చాలామంది చూసే ఉంటారు. కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ (కంప్యూటర్ బొమ్మల లోకం మధ్యలో మనమే ఉన్నట్టు చూపించే వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు), చేతులకు తొడుగులు పెట్టుకున్న ఒక తల్లి, చనిపోయిన కూతురి బొమ్మ ఎదురుగా నిలబడి, గాలిలో చేతులు చాచి ఆ పిల్లను నిమరబోతుంది. ఏడుస్తూనే ఉంటుంది.

ఆ రోజు గ్రూపు రెండుగా చీలింది. "బొమ్మను చూసి అంత ఏడుపేమిటి, టీవీ వాళ్ళ నాటకం కాకపోతే" అని మా బాబాయి. "కడుపుకోత సంగతి మీకేం తెలుస్తుంది మావయ్యగారూ" అని వాళ్ళ కోడలు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముడొకడు గ్రాఫిక్స్ ఇంకా బాగుండాల్సిందని తేల్చాడు. మిగతావాళ్ళు దణ్ణం ఎమోజీలు పెట్టి తప్పుకున్నారు.

ఆ గొడవంతా చదివాక నాకు తోచింది ఇది. వీఆర్ విషయంలో మనం నమ్మాల్సిన చోట అనుమానిస్తున్నాం, అనుమానించాల్సిన చోట నమ్మేస్తున్నాం. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి కలిగే భయం, ఏడుపు, అవమానం ఆ మనిషివే. వాటిలో బొమ్మతనం ఏమీ లేదు. వాటిని మాత్రం ‘బొమ్మే కదా’ అని తీసిపారేస్తాం. అదే హెడ్‌సెట్‌లో ఎనిమిది నిమిషాలు శరణార్థుల శిబిరం చూసొచ్చినవాడు వాళ్ళ బతుకు నాకు తెలిసిపోయిందంటే తలలూపుతాం. ‘బొమ్మే కదా’ అనాల్సింది అక్కడ, అక్కడ ఎవరూ అనరు.

పలక మీద కాలు

మాల్స్‌లో పిల్లల ఆటల పక్కన వీఆర్ స్టాళ్ళు చూసే ఉంటారు. నేల మీద ఒక చెక్క పలక వేసి ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ పలక ఆకాశమంత మేడ చివరినుంచి గాలిలోకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. చివరిదాకా నడిచి రావాలి, అంతే ఆట. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో మా వదిన ఎక్కింది. ఆవిడ బ్యాంకులో ఆఫీసరు, లోన్ ఎగ్గొట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి వచ్చే మనిషి. రెండడుగులు వేసి ఆగిపోయింది. "తెలుసు, కింద నేలే ఉంది, నాకు తెలుసు" అని పైకే అంటోంది, కాలు మాత్రం లేవడం లేదు. చుట్టూ నవ్వులు. పిల్లలు ఫోన్లలో తీస్తున్నారు. "ఏం లేదమ్మా, దూకెయ్" అని సలహాలు.

స్టాల్ కుర్రాడు ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి, "మేడమ్, నా చెయ్యి పట్టుకోండి. కళ్ళు మూసుకోండి. ఇప్పుడు కాలితో పక్కన తడిమి చూడండి" అన్నాడు. ఆవిడ తడిమింది, నేల తగిలింది, ఊపిరి తీసుకుంది. తర్వాత ఆ కుర్రాణ్ణి అడిగితే, "నిజం కాదు మేడమ్ అని చెప్తే ఇంకా బిగుసుకుపోతారు సార్, రోజూ చూస్తుంటాను" అన్నాడు. ఈ విషయంలో నేను చదివిన పుస్తకాల వాళ్ళకన్నా వాడు ఒకడుగు ముందే ఉన్నాడనిపించింది.

చదివినవాళ్ళు కూడా దాదాపు అదే చెప్పారనుకోండి. వీఆర్‌లో మనుషులు ఎందుకు అలా స్పందిస్తారో మెల్ స్లేటర్ అనే పరిశోధకుడు 2009లో ఒక వ్యాసంలో రెండు భ్రమలుగా విడదీశాడు. ఒకటి, నేను ఈ చోటే ఉన్నాను అనిపించడం. రెండోది, ఇక్కడ ఇది నిజంగా జరుగుతోంది అనిపించడం. ఈ రెండూ కుదిరితే, నిజం కాదని తెలిసీ మనిషి నిజం ముందు ప్రవర్తించినట్టే ప్రవర్తిస్తాడు. తెలియడం ఒక దారి, ఒళ్ళు స్పందించడం ఇంకో దారి. మా వదిన పలక మీద నిలబడి చెప్పింది సరిగ్గా ఇదే.

అంతకు మూడేళ్ళ ముందు, 2006లో, స్లేటర్ బృందం లండన్‌లో చేసిన ప్రయోగం నాకు ఇంకా ఒంటపట్టలేదు. తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంటు షాక్ ఇవ్వమని చెప్పే మిల్‌గ్రామ్ ప్రయోగం సంగతి తెలిసిందే. మనుషులతో అది యథాతథంగా మళ్ళీ చేయడానికి ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. వీళ్ళు షాక్ తినే మనిషి స్థానంలో కంప్యూటర్ బొమ్మను, ఒక ఆడమనిషి బొమ్మను పెట్టారు. 34 మంది వచ్చారు. 23 మందికి ఆ బొమ్మ కనిపిస్తుంది, వినిపిస్తుంది. మిగతా 11 మందికి తెర మీద అక్షరాలు మాత్రమే. అందరికీ అది బొమ్మేనని, కరెంటు లేదని తెలుసు. అక్షరాలు చూసినవాళ్ళు 11 మందీ షాకులన్నీ ఇచ్చేశారు. బొమ్మను చూసినవాళ్ళలో ఆరుగురు చివరిదాకా ఇవ్వలేకపోయారు. ఇచ్చినవాళ్ళలోనూ గుండె వేగం, చెమట, తడబాటు. లేని మనిషిని బాధపెట్టడానికి చేతులు రాలేదు.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. సినిమా చూసి ఏడవమా? సురభి నాటకంలో బాణాలు నిప్పులు కక్కుతుంటే ముందు వరసలో పిల్లలు జడుసుకోరా? నిజమే. కానీ నాటకంలో పాత్రకు నేనున్నానని తెలియదు. నేను లేచి టీ తాగొచ్చినా కథ నడుస్తూనే ఉంటుంది. హెడ్‌సెట్‌లో బొమ్మ నా కళ్ళలోకి చూస్తుంది, నేను పక్కకు జరిగితే దాని చూపూ జరుగుతుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో జెరెమీ బేలెన్సన్ బృందం బొమ్మ మనిషి చుట్టూ తిరిగి ముందూ వెనకా రాసినవి చదవమని కొందరికి చెప్పింది. వాళ్ళు బొమ్మకు ఎడంగా తిరిగారు, వీపు వైపు కంటే ముఖం వైపు ఎక్కువ ఎడం పాటించారు. ఎవరూ చెప్పకుండానే. సినిమా తెర ముందు అలా ఎవరం చెయ్యం. పైగా నాటకశాలలో పక్కన జనం ఉంటారు, అందరం కలిసి జడుసుకుంటాం, కలిసి తేరుకుంటాం. హెడ్‌సెట్‌లో జడుసుకునేది ఒక్కరు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటారు.

ఇంకో జవాబు కూడా ఉంది. అలవాటైతే ఇదంతా పోతుందని. కొంత పోతుంది. ఎత్తులంటే భయపడేవాళ్ళకు 1995లోనే అమెరికాలో బార్బరా రాత్‌బామ్, లారీ హాడ్జెస్ వాళ్ళు వీఆర్‌తో వైద్యం చేయగలిగింది ఆ అలవాటు వల్లే. భయపడి భయపడి భయం అరిగిపోతుంది. అయితే ఆ వైద్యం పనిచేసిందంటేనే మొదట కలిగిన భయం అసలుదని ఒప్పుకున్నట్టు.

తీసేస్తే సరిపోయేదిగా?

పలక దగ్గర నవ్వులతో పోయింది. 2016లో జోర్డన్ బెలమైర్ అనే మారుపేరుతో ఒకామె రాసిన అనుభవం దగ్గర అలా పోలేదు. మరిది ఇంట్లో విల్లు, బాణాలతో ఆడే వీఆర్ ఆట ఆడుతోంది. భర్త, మరిది పక్కనే ఉన్నారు. ఆ ఆటలో అందరి బొమ్మలూ ఒకటే, తలకు శిరస్త్రాణం, గాలిలో తేలే రెండు చేతులు, అంతే. ఒళ్ళే లేదు. గొంతు విని ఆడమనిషని గుర్తుపట్టిన ఒకడు ఆమె ఛాతీ ఉండాల్సిన చోట చేతులు పెట్టి తడమడం మొదలుపెట్టాడు. వద్దంటే వెంటపడ్డాడు. అదే ఆటలో కొంతసేపటి ముందు ఆమె కోట గోడ మీదనుంచి లోయలోకి చూసి జంకింది. ఆ లోయ ఎంత నిజమనిపించిందో ఈ తడమడమూ అంతే నిజమనిపించిందని రాసింది.

ఆమెకు వచ్చిన జవాబుల్లో చాలావాటి సారాంశం ఒకటే. ఒళ్ళే లేని చోట ఏం పట్టుకున్నాడు? హెడ్‌సెట్ తీసేస్తే సరిపోయేదిగా? మన దగ్గర ఈ మాట కొత్తదేం కాదు. ఆ బస్సెందుకు ఎక్కావు, ఆ దారినెందుకు వెళ్ళావు, ఆ ఫోటో ఎందుకు పెట్టావు. హెడ్‌సెట్ వచ్చినా పాత ప్రశ్నే. లోయను చూసి జంకినప్పుడు ముచ్చటపడినవాళ్ళే, ఎంత బాగా తీశారో అని మెచ్చుకున్నవాళ్ళే, ఈ రెండోదాన్ని మాత్రం ఊహ అన్నారు. ఆట అమ్ముడుపోవడానికి ఒళ్ళు నమ్మాలి, ఫిర్యాదు వచ్చేసరికి ఒళ్ళు నమ్మకూడదు.

ఆ ఆట తయారుచేసిన ఇద్దరు మాత్రం మంచి పని చేశారు. అప్పటికే ముఖానికి అడ్డంగా ఎవరైనా చెయ్యి పెడితే ఆ చెయ్యి కనిపించకుండా పోయే ఏర్పాటు ఉంది. దాన్ని ఒళ్ళంతటికీ పెంచారు. రెండు చేతులూ దగ్గరకు తెచ్చి విడదీస్తే చుట్టూ ఒక వలయం ఏర్పడి ఎదుటివాడు మాయమయ్యేలా చేశారు. తప్పించుకోవడం మెనూల్లో వెతుక్కునే బటన్‌లా కాకుండా చేత్తో చేసే పనిలా ఉండాలని ఆలోచించారు చూడండి, అది నాకు నచ్చింది. ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ వీఆర్ లోకం హొరైజన్ వరల్డ్స్‌లో అలాంటి ఫిర్యాదే 2021 చివర్లో వచ్చింది. ఉన్న రక్షణ ఏర్పాటును ఆమె వాడుకోలేదన్నది కంపెనీ మొదటి మాట. తర్వాత 2022 ఫిబ్రవరిలో ఒకరి బొమ్మకూ ఇంకొకరి బొమ్మకూ దాదాపు 4 అడుగుల ఎడం ఉండేలా మార్చారు.

ఇక్కడ నాకు సందేహం లేకపోలేదు. 2024 జనవరిలో బ్రిటన్ పోలీసులు వీఆర్‌లో ఒక మైనర్ బాలిక బొమ్మ మీద కొందరు కలిసి చేసిన దాడిని విచారిస్తున్నారని వార్త వచ్చింది. అత్యాచారం అనే మాటే వాడారు. పోలీసుల దగ్గర అసలు కేసులే గుట్టలుగా పడి ఉంటే ఈ విచారణ ఏమిటని అక్కడ చాలామంది అడిగారు. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఒంటి మీద గాయమైన ఆడపిల్లకు ఠాణాలో కుర్చీ దొరకని చోట ఈ పోలిక ఆమెకు అన్యాయంగా తోచవచ్చు. రెండూ ఒకటే అని నేను అననుగాక అనను. కానీ ఒకటి కాకపోతే ఇక సున్నాయే అని ఎందుకు? బస్సులో చెయ్యి తగలకుండానే మీదమీదకు ఒరిగి గంటసేపు నిలబడ్డవాడి సంగతి ఏ ఆడవాళ్ళనైనా అడగండి. తాకలేదుగా అంటే వాళ్ళు మీ ముఖం వంక ఎలా చూస్తారో గమనించండి. అప్పటి బ్రిటన్ హోంమంత్రి జేమ్స్ క్లెవర్లీ ఆ కేసు గురించి రేడియోలో మాట్లాడుతూ ఇది నిజం కాదని తీసిపారేయడం తేలికేననీ, ఆ లోకాల పనే మనిషిని పూర్తిగా లోపలికి లాగడమనీ అన్నాడు. ఆయన పార్టీ రాజకీయాల సంగతి ఎలా ఉన్నా ఈ మాట సరైనదే.

ఆ మాటలు ఎవరివి?

ఇప్పుడు ఆ కొరియా తల్లి దగ్గరికి వస్తాను. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన చోటు.

ఆమె పేరు జాంగ్ జీ-సుంగ్. ఏడేళ్ళ కూతురు నాయోన్ 2016లో రక్తానికి సంబంధించిన జబ్బుతో పోయింది. ఎంబీసీ టీవీ వాళ్ళు కొన్ని నెలలు కష్టపడి ఫోటోలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు చూసి ఆ పిల్ల బొమ్మను తయారుచేశారు. కదలికల కోసం వేరే పాపను నటింపజేశారు. గొంతు కోసం దొరికిన కాస్త రికార్డింగుకు ఇతర పిల్లల గొంతులు కలిపారు. 2020 ఫిబ్రవరిలో ప్రసారమైంది. ఆ పాప పరిగెత్తుకొచ్చి, అమ్మా ఎక్కడికెళ్ళావు, నేను గుర్తొచ్చానా అని అడుగుతుంది. పుట్టినరోజు చేసుకుంటారు, కేకు ఉంటుంది. చివర్లో పడుకుని నిద్రపోతుంది, సీతాకోకచిలుక ఎగిరిపోతుంది. ఎప్పటినుంచో కనాలనుకున్న కల కన్నట్టు ఉందని తల్లి తర్వాత చెప్పింది. మేలు జరిగిందని ఆమే చెబుతుంటే కాదనడానికి నేనెవరిని? మా బాబాయి మాత్రం ఎవరు? ఆ ఏడుపు ఆమెది, ఆ తేరుకోవడమూ ఆమెదే.

నాకు అడ్డం పడేది ఇంకోటి. ‘నేను గుర్తొచ్చానా’ అని అడిగింది నాయోన్ కాదు, స్క్రిప్టు రాసినవాళ్ళు. వాళ్ళు దయగా రాశారు, జాగ్రత్తగా రాశారు, సందేహం లేదు. కానీ దాన్ని కూతురితో మాట్లాడటం అనడానికి నాకు మనసొప్పదు. తల్లి తన దుఃఖంతో మాట్లాడుకుంది, దుఃఖానికి కూతురి ముఖం పెట్టారు. తల్లికి ఆ సంగతి తెలుసనే అనుకుంటున్నాను. యూట్యూబ్‌లో చూసిన కోట్లమందిలో ఎందరికి తెలుసో మరి.

మా పిన్నికి తెలుసు. ఆవిడ భర్త, అంటే మా ఇంకో బాబాయి, పోయి కొన్నేళ్ళయింది. గ్రూపులో దణ్ణం ఎమోజీ పెట్టిన ఆవిడ సాయంత్రం ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది మన దగ్గర కూడా చేస్తారా?" అంది. నేను ఏం చెప్పాలో తడుముకుంటూ, చేయించుకోవాలని ఉందా పిన్నీ అన్నాను. కాసేపు ఆలోచించి, "ఏం వద్దులే. వాళ్ళు చేస్తే ఆయన చేత నాకు నచ్చేలా మాట్లాడిస్తారు. మీ బాబాయి ఏనాడు నాకు నచ్చేలా మాట్లాడాడు? అది చూస్తే ఎవరో పరాయి మగాడు ఇంట్లోకొచ్చినట్టుంటుంది" అని నవ్వింది. నేను ఇన్ని పేరాలు రాసి చెప్పాలనుకున్నది ఆవిడ నాలుగు మాటల్లో తేల్చేసింది.

2022 ఫిబ్రవరిలో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఒక జంట పెళ్ళి చేసుకుని రిసెప్షన్ మెటావర్స్‌లో, అంటే అందరూ తమ తమ బొమ్మలతో కలుసుకునే ఆన్‌లైన్ లోకంలో పెట్టుకుంది. అంతకు ముందే చనిపోయిన పెళ్ళికూతురి తండ్రిని అవతార్ (కంప్యూటర్ బొమ్మ) రూపంలో అందులోకి తెచ్చారు. అప్పుడు కూడా ఇదేం చోద్యం అన్నవాళ్ళున్నారు. నాకది చోద్యం అనిపించలేదు. పెళ్ళిమండపంలో దండ వేసిన తండ్రి ఫోటో కుర్చీలో పెట్టి దాని ముందు వంగి దణ్ణం పెట్టే పెళ్ళికూతుళ్ళను మనం చూడలేదా? ఆ ఫోటో ముందు పెళ్ళికొచ్చినవాళ్ళ కళ్ళు చెమర్చడం మనకు తెలియదా? ఫోటో మనకు బాగా తెలిసిన బొమ్మ. దాని గొప్పతనం ఏమిటంటే అది మాట్లాడదు. ఆశీర్వదించాడో లేదో, ఈ సంబంధం ఆయనకు నచ్చేదో కాదో మనమే అనుకోవాలి. అవతార్ కూడా అలా నిలబడి ఉన్నంతవరకు నాకు పేచీ లేదు. నోరు తెరిచి ‘నీ ఎంపిక నాకు నచ్చిందమ్మా’ అన్న రోజున మాత్రం, ఆ మాట రాసింది ఎవరని అడుగుతాను. రేపు ‘ఆ పొలం మీ అన్నకు రాసెయ్యమ్మా’ అని కూడా అదే నోటితో అనిపించవచ్చు. నవ్వులాటకు అనడం లేదు. పోయినవాళ్ళ మాటలు అడ్డుపెట్టుకుని ఆస్తి తగాదాలు నడిపిన కుటుంబాలు నాకు బాగా తెలుసు.

ఎనిమిది నిమిషాల్లో శరణార్థి

ఇక మనం అస్సలు అనుమానించని చోటు. 2015లో క్రిస్ మిల్క్ అనే దర్శకుడు టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద, వీఆర్ అంటే సాటి మనిషి బాధను మన బాధగా మార్చే యంత్రం, అంతకు మించినది లేదు అన్నట్టు మాట్లాడాడు. జోర్డన్‌లో సిరియా శరణార్థుల జాతరీ శిబిరంలో ఉండే సిద్రా అనే పన్నెండేళ్ళ పిల్ల మీద ఐక్యరాజ్యసమితితో కలిసి వాళ్ళు వీఆర్ చిత్రం తీశారు. దాన్ని ఆ జనవరిలోనే దావోస్‌లో ప్రపంచ నాయకులకు చూపించారు. ఎనిమిది నిమిషాల పైచిలుకు ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుని కిందకు చూస్తే ఆ పిల్ల కూర్చున్న నేల మీదే మీరూ కూర్చున్నట్టుంటుంది. చూసినవాళ్ళు చలించారు. విరాళాలకూ ఉపయోగపడింది.

చలించడం నిజం. దాన్ని నేను కాదంటే నా మొదటి మాట నేనే వెనక్కి తీసుకున్నట్టు. కానీ చలించింది దేనికి? ఆ నేల మీద కూర్చున్నప్పుడు నాకు ఎలా ఉంటుందో నాకు తెలిసింది. ఆ పిల్లకు ఎలా ఉందో తెలియలేదు. ఎనిమిది నిమిషాల తర్వాత హెడ్‌సెట్ తీసి కాఫీ తాగుతానని నాకు తెలుసు. శరణార్థి బతుకులో అసలు బరువంతా అది ఎప్పుడు తీరుతుందో తెలియకపోవడంలో ఉంది. ఆ ఒక్కటీ హెడ్‌సెట్‌లో పట్టదు.

తెలిసిందనుకోవడం వల్ల నష్టం కూడా ఉంటుంది. 2015లోనే అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో కొందరికి కళ్ళకు గంతలు కట్టి కొన్ని పనులు చేయించారు. గంతలు విప్పాక వాళ్ళు అంధులు ఉద్యోగం చేయడానికి, సొంతంగా బతకడానికి తక్కువ పనికొస్తారని అంచనా వేశారు. వాళ్ళకు తెలిసింది చూపు పోయిన మొదటి కొన్ని నిమిషాలు. ఇరవై ఏళ్ళుగా చూపు లేకుండా వంట చేసి, రైలెక్కి, పిల్లలకు పాఠం చెప్పే మనిషి నేర్పు వాళ్ళకెలా తెలుస్తుంది? జాలి పెరిగింది, గౌరవం తగ్గింది.

ఎదురు సాక్ష్యం ఉంది, దాచను. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇల్లు పోగొట్టుకుని రోడ్డున పడిన మనిషి అనుభవాన్ని కొందరికి వీఆర్‌లో చూపించారు, కొందరి చేత కథగా చదివించారు. తక్కువ ధర ఇళ్ళ కోసం పెట్టిన అర్జీ మీద వీఆర్ చూసినవాళ్ళలో 82 శాతం, చదివినవాళ్ళలో 67 శాతం సంతకం పెట్టారు. వారాల తర్వాత కూడా వాళ్ళ ధోరణి మెరుగ్గా ఉంది. బాగానే ఉంది. అయితే చదివినవాళ్ళలో 67 శాతం పెట్టారన్న సంగతి కూడా చూడండి. మంచి కథ, చదివే ఓపిక ఉంటే యంత్రం లేకుండానే చాలా దూరం వెళ్ళొచ్చు.

యంత్రం మీద నమ్మకం ముదిరితే ఏమవుతుందో మార్క్ జుకర్‌బర్గ్ 2017 అక్టోబరులో చూపించాడు. తుపానుకు మునిగిన ప్యూర్టో రికో వీధుల దృశ్యంలోకి తన కార్టూన్ అవతార్‌తో దిగి, సహోద్యోగి అవతార్‌తో చప్పట్లు కలిపాడు. అక్కడే ఉన్నట్టుందని మురిసిపోయాడు. వెనక నీళ్ళలో ఇళ్ళు. తిట్లు పడ్డాక క్షమాపణ చెప్పాడు. ఆయన దుర్మార్గం చేశాడని నేననుకోను. అక్కడున్నట్టు అనిపించడం అక్కడివాళ్ళను పట్టించుకోవడంతో సమానమని నమ్మాడు, అంతే. ఆ వీధిలో మనుషులెవరూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడే ఏర్పాటే లేదు.

అవతల మనిషి ఉంటే

అంటే వీఆర్‌లో ఎదుటి మనిషి ఎప్పటికీ తెలియడా? ఆ మాట అనలేను. అవతల బతికున్న మనిషి ఉండి, మాటకు మాట జవాబిచ్చే వీలుంటే లెక్క మారుతుంది. మనుషులు బొమ్మల రూపంలో కలిసి మాట్లాడుకునే వీఆర్‌చాట్ అనే చోట బధిరులు, వినగలిగినవాళ్ళు కలిసి హెల్పింగ్ హ్యాండ్స్ అనే పేరుతో సంజ్ఞల భాష నేర్పుకుంటున్నారు. చేతుల్లో పట్టుకునే కంట్రోలర్లకు అన్ని వేళ్ళ కదలికలూ అందవు కాబట్టి కొన్ని సంజ్ఞలు మార్చుకున్నారు. నేర్చుకునేవాడు తప్పు చేస్తే ఎదుటి బధిరుడు చెయ్యి ఊపి సరిదిద్దుతాడు. చెవులు మూసుకుని బధిరత్వం ‘అనుభవించడం’ కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఇక్కడ నీకు ఎలా ఉందో ఎవరూ అడగడం లేదు, నీ సంజ్ఞ తప్పు అంటున్నారు.

అయినా హద్దు హద్దే. 2018 జనవరిలో అదే వీఆర్‌చాట్‌లో ఒళ్ళంతా సెన్సర్లు పెట్టుకుని ఆడుతున్న ఒకతనికి మూర్ఛ వచ్చింది. అతని రోబో బొమ్మ నేల మీద పడి కొట్టుకుంటుంటే చుట్టూ ఉన్న విచిత్రమైన బొమ్మలన్నీ మూగి బాగున్నావా, బాగున్నావా అని అడుగుతున్నాయి. ఆ గొంతుల్లో కంగారు స్పష్టంగా వినిపిస్తుంది. మనుషుల్లాగే ప్రవర్తించారు. కానీ అతను ఏ ఊళ్ళో, ఏ గదిలో పడి ఉన్నాడో తెలిస్తే కదా అంబులెన్స్ పిలవడానికి? తర్వాత తేరుకున్నాడట, నయం. మన ఊళ్ళో బస్టాండులో పడిపోతే చేతిలో తాళంచెవులు పెట్టే మూఢనమ్మకం వాడైనా కనీసం పక్కనే ఉంటాడు.

ఇదంతా నాకు గాల్లో వాదనగా మిగలకపోవడానికి కారణం ఒక స్నేహితుడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సీఎస్ఆర్ పనులు, అంటే కంపెనీ తరఫున చేసే సమాజసేవ పనులు చూస్తాడు. ఉద్యోగులకు ఒక గిరిజన గూడెం జీవితాన్ని వీఆర్‌లో చూపించి చందాలు సేకరించాలని ప్లాన్ వేసి, నువ్వు వీటి గురించి చదువుతుంటావుగా, ఎలా ఉందో చెప్పు అన్నాడు. వీడియో బాగుంది. నీళ్ళ బిందెతో గుట్ట ఎక్కుతున్న ఒకామె వెనకే మనమూ ఎక్కుతాం, ఆయాసం వినిపిస్తుంది. నేను ఒకటే అడిగాను, చూడటం అయ్యాక ఆ గూడెం వాళ్ళతో పదిహేను నిమిషాలు వీడియో కాల్ పెట్టించగలవా అని. "లైవ్‌లో వాళ్ళేం మాట్లాడతారో మనకు తెలీదు కదరా, ప్రోగ్రాం మూడ్ పోతుంది" అన్నాడు. కాల్ లేకుండానే కార్యక్రమం జరిగింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారట, డబ్బులు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయట, బోరు వేయిస్తున్నామని సంబరంగా చెప్పాడు. బోరు కావాలని గూడెం వాళ్ళు అడిగారా అన్నాను. కనుక్కుంటానన్నాడు.